సకినం చుట్టినట్టు సంఖ్యలు

అష్టాచమ్మా గళ్లు గుర్తున్నాయా? అరుగు మీద సుద్దముక్కతో అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్లు గీస్తే చాలు, ఆట సిద్ధం. గవ్వలు వేయాలి, పడినన్ని గళ్లు కాయను నడిపించాలి. బయటి వరుసంతా ఓ చుట్టు తిరిగి, లోపలి వరుసలోకి దిగి, అక్కడా చుట్టి, ఆఖరికి నడిమింటికి చేరితే కాయ పండినట్టు. బయటి వరుసలో 16 గళ్లు, లోపల 8, నడుమ ఒకటి. మొత్తం 25.

ఆట హడావుడిలో ఎవరూ పట్టించుకోరుగానీ, అక్కడ ఓ చిన్న గణితం నడుస్తోంది. ‘ఇంకో పదకొండు పడితే పండుతుంది’ అన్నామంటే ఆ పదకొండుకు ఆ గళ్లలో ఓ చోటు ఉందన్నమాట. ప్రతి గడికీ ఓ సంఖ్య, ప్రతి సంఖ్యకూ ఓ గడి. వైకుంఠపాళిలోనూ అంతే. 1 నుంచి 10 దాకా ఒక దిక్కుకు నడిచి, 11 నుంచి 20 దాకా తిరుగు దిక్కుకు వస్తాం, నాగటిచాలు చివర ఎద్దులు మళ్లినట్టు. కాకపోతే వైకుంఠపాళికి ఓ ఇబ్బంది ఉంది. పటం వెడల్పు ఎంతో ముందే తేలిపోవాలి. వరుసకు పది గళ్లంటే పదే. పటానికి హద్దుల్లేకపోతే? నాలుగు దిక్కులా ఎంత దూరమైనా గళ్లే ఉంటే? మొదటి వరుసే ఎప్పటికీ పూర్తికాదు, రెండో వరుసకు వచ్చేదెప్పుడు?

దీనికి ఉపాయం అష్టాచమ్మాలోనే ఉంది. ఆ దారిని తిరగేసి, నడిమింట్లోంచి బయటికి నడవండి. నడుమ 1 వేయండి. దాని కుడి పక్కన 2, దాని పైన 3, అక్కణ్నుంచి ఎడమకు 4, 5, కిందికి 6, 7, మళ్లీ కుడికి 8, 9, 10... సంక్రాంతికి తెలంగాణ ఇళ్లల్లో సకినం చుడతారే, సరిగ్గా అలా. నడుమ మొదలుపెట్టి చుట్టు మీద చుట్టు. సకినం గుండ్రంగా ఉంటుంది, ఇది నలుపలకలుగా. అంతే తేడా.

37 36 35 34 33 32 31
38 17 16 15 14 13 30
39 18 05 04 03 12 29
40 19 06 01 02 11 28
41 20 07 08 09 10 27
42 21 22 23 24 25 26
43 44 45 46 47 48 49

ఈ చుట్టుకు అంతులేదు. ఏ దిక్కున ఎంత దూరంలో గడి చూపించినా ఎప్పుడో ఒకప్పుడు ఈ వరుస అక్కడికి వచ్చి తీరుతుంది. నాలుగు దిక్కులా విస్తరించిన మైదానం మొత్తానికి ఒకే ఒక క్యూ సరిపోయిందన్నమాట. ఆ మాటకొస్తే చూడ్డానికి ఇది పిల్లల చేష్టలాగే ఉంటుంది. కానీ ఈ పట్టికలో దాక్కున్న ఓ ప్రశ్నకు ప్రపంచంలోని గణిత మేధావులంతా కలిసి ఇప్పటిదాకా జవాబు చెప్పలేకపోయారు.

విసుగులోంచి పుట్టిన బొమ్మ

అది 1963. ఓ శాస్త్రవేత్తల సమావేశం. వేదిక మీద ఎవరో సుదీర్ఘమైన పత్రం చదువుతున్నారు. వింటున్నవాళ్లలో స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్తకు మహా విసుగ్గా ఉంది. విసుగు పుడితే మనమేం చేస్తాం? చేతిలోని కాగితం మీద పిచ్చిగీతలు గీస్తాం. ఆయనా అదే చేశాడు. అడ్డగీతలూ నిలువుగీతలూ గీశాడు. చదరంగం సమస్య ఏదైనా కూర్చుదామని మొదట అనుకున్నాడు. తర్వాత మనసు మార్చుకుని నడుమ 1 వేసి, పైన చెప్పినట్టు చుట్టూ సంఖ్యలు వేసుకుంటూ పోయాడు. ఏ ఉద్దేశమూ లేకుండానే వాటిలో ప్రధాన సంఖ్యలకు సున్నాలు చుట్టడం మొదలెట్టాడు.

ప్రధాన సంఖ్యలంటే బళ్లో చదువుకున్నవే. 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగం పోనివి. 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23... ఇవి ఎప్పుడొస్తాయో, ఎప్పుడు రావో చెప్పడం కష్టం. వంద లోపు 25 ఉన్నాయి, వెయ్యి లోపు 168. పోనుపోను పలచబడతాయి. ఒక్కోసారి 11, 13లా పక్కపక్కనే వస్తాయి, ఒక్కోసారి చాలా దూరం దాకా ఒక్కటీ కనిపించదు. వానాకాలం పల్లెటూరి కరెంటు లాంటివి. అలాంటి సంఖ్యలు చెల్లాచెదురుగా పడతాయని ఎవరైనా అనుకుంటారు. ఉలామ్ కాగితం మీద మాత్రం అవి ఏటవాలు గీతల మీద బారులు తీరాయి!

కావాలంటే మన పట్టికలోనే చూడండి. 19 దగ్గర వేలు పెట్టి ఏటవాలుగా కుడివైపు కిందికి జరపండి. 19, 7, 23, 47. నాలుగూ ప్రధాన సంఖ్యలే. ఇంకో చుట్టు చుడితే అదే గీత మీద 79 వస్తుంది. అదీ ప్రధాన సంఖ్యే.

ఉలామ్ మామూలు మనిషి కాదు. 1909లో అప్పటి ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలోని ల్వోవ్ నగరంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారీ బృందంలో పనిచేశాడు. 1951లో ఎడ్వర్డ్ టెల్లర్‌తో కలిసి హైడ్రోజన్ బాంబుకు దారి చూపినవాడూ ఆయనే. మెదడు జబ్బు చేసి 1946లో కోలుకుంటూ, పొద్దుపోక ఒంటరిగా పేకాడుతున్నప్పుడు ‘ఈ ఆట గెలిచే అవకాశం ఎంత’ అని మొదలైన ఆలోచనే ‘మాంటేకార్లో పద్ధతి’ అయింది. అణుభౌతికం నుంచి వ్యాపార లెక్కల దాకా ఇవాళ దాన్ని వాడని రంగం అరుదు. పేకముక్కలతోనే అంత పని చేసిన మనిషి పిచ్చిగీతల్ని ఊరికే వదులుతాడా?

లాస్ అలమోస్‌కు తిరిగొచ్చి, మైరాన్ స్టీన్, మార్క్ వెల్స్ అనే ఇద్దరు సహచరులతో కలిసి అక్కడి ‘మేనియాక్’ కంప్యూటరుకు ఈ పని అప్పజెప్పాడు. తొమ్మిది కోట్ల ప్రధాన సంఖ్యలు ఎక్కించిన టేపు ఆ కంప్యూటరుకు అప్పటికే ఉంది. దాని సాయంతో దాదాపు 65 వేల దాకా సంఖ్యల్ని చుట్టి, ప్రధాన సంఖ్యలున్న చోట చుక్కలు పెట్టి చూశారు. గీతలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. 1964 మార్చిలో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన గణిత వినోదాల శీర్షికలో ఈ కథ రాశాడు. ఆ సంచికకు ముఖచిత్రం కూడా ఈ చుక్కల బొమ్మే. అప్పట్నుంచీ దీన్ని ‘ఉలామ్ చుట్టు’ అంటున్నారు.

నడవడమా, దూకడమా?

కంప్యూటరుకు ఈ చుట్టు నేర్పేదెలా? ఇది తమాషాగా ఉండే ప్రశ్న. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ తీసుకునే కుర్రాణ్ని అడగండి, ‘ఓ అదా’ అంటాడు. గళ్ల పట్టికలోని సంఖ్యల్ని చుట్టు తిరుగుతూ చదివే ప్రోగ్రామ్ రాయమనడం ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్నల్లో ఒకటి. మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఈపాటికి వాళ్లూ బట్టీ పట్టే ఉంటారు. బట్టీ పట్టాల్సినంత కష్టం మాత్రం అందులో లేదు.

మొదటి పద్ధతి నడక. అడుగులు లెక్కపెట్టండి. కుడికి 1, పైకి 1. ఎడమకు 2, కిందికి 2. కుడికి 3, పైకి 3. ఎడమకు 4, కిందికి 4. అర్థమైపోయింది కదా? రెండేసి మలుపులకు ఒక్కో అడుగు పెంచుకుంటూ పోవడమే. ఈ ఒక్క ముక్క చెబితే కంప్యూటరు ఎంత దూరమైనా నడుస్తుంది.

ఈ 1, 1, 2, 2, 3, 3 లెక్క కాగితాలకే పరిమితం కాదు. సముద్రంలో మనిషో పడవో గల్లంతైతే, ఫలానా చోట పోయి ఉంటారని కాస్త గట్టిగా తెలిస్తే, గాలించే నౌక గానీ విమానం గానీ అక్కణ్నుంచి మొదలుపెట్టి సరిగ్గా ఇలాగే తిరుగుతుంది. ‘ఎక్స్‌పాండింగ్ స్క్వేర్ సెర్చ్’ అని దానికి పేరు. నౌకాయానం, పౌర విమానయానాల అంతర్జాతీయ సంస్థలు రెండూ కలిసి వెలువరించే గాలింపు మాన్యువల్లో ఈ పద్ధతి ఉంటుంది. మొదటి రెండు పాయలు ఒకే పొడవు, తర్వాతి రెండూ దానికి రెట్టింపు, ఆపైన మూడు రెట్లు. ఆశ ఎక్కువున్న చోటు ముందు, తక్కువున్న చోటు తర్వాత. వెతికిన నీళ్లనే మళ్లీ వెతికే పని లేదు, మధ్యలో ఏ పాయా మిగిలిపోదు. తుపాను తర్వాత వేటకెళ్లినవారి కోసం ఒడ్డున కళ్లు కాయలు కాచేలా చూసే కుటుంబాలకు ఈ గళ్ల లెక్క ప్రాణంతో సమానం.

నడకకు ఓ చిక్కుంది. 1000 ఎక్కడుందో చెప్పమంటే 999 అడుగులు వేయాలి. కోటి ఎక్కడుందంటే కోటికి ఒకటి తక్కువ. కంప్యూటరు వేగంగానే వేస్తుందనుకోండి. కానీ ఒకటి కాదు, పది లక్షల సంఖ్యల చిరునామాలు అడిగితే? అక్కడ పనికొచ్చేది రెండో పద్ధతి, దూకడం.

పట్టికలో కుడివైపు కింది మూలల్ని చూడండి. 1, 9, 25, 49. ఇవేమిటి? బేసి సంఖ్యల వర్గాలు. ఒకటొకట్లు, మూడు మూళ్లు, అయిదయిదులు, ఏడేళ్లు. ప్రతి చుట్టూ సరిగ్గా ఆ మూలనే ముగుస్తుంది. ముగిసే సరికి అదొక పూర్తి చదరం మరి. ఒక్కో చుట్టులోని గళ్లు వరసగా 8, 16, 24, 32... అష్టాచమ్మాలోని లోపలి 8, బయటి 16 ఇవే. అన్నట్టు, 2025 సంవత్సరం కూడా ఆ మూలనే ఉంటుంది. 45ను 45తో గుణిస్తే 2025. దానికి ముందు ఆ మూలన కూర్చున్న సంవత్సరం 1849, తర్వాత కూర్చోబోయేది 2209.

ఇప్పుడు 1000 చిరునామా పట్టుకుందాం. దాని వర్గమూలం 31 కంటే కాస్త ఎక్కువ. ఆ పైన వచ్చే బేసి సంఖ్య 33. అంటే 1000 ఉన్న చుట్టు 33 గళ్ల వెడల్పున్న చదరానికి అంచు. అది పదహారో చుట్టు. 33 వర్గం 1089 కాబట్టి ఆ చుట్టు 1089తో ముగుస్తుంది. ఆ గడి నడిమింటికి కుడివైపు 16, కిందికి 16 గళ్ల దూరంలో ఉంది. ఇక అక్కణ్నుంచి వెనక్కి నడుద్దాం. మూల నుంచి మూలకు 32 అడుగులు. ఎడమకు 32 వేస్తే 1057, కింది ఎడమ మూల. పైకి 32 వేస్తే 1025, పై ఎడమ మూల. ఇంకా 25 అడుగులు కుడికి వేస్తే 1000. అంటే నడిమింటి నుంచి కుడికి 9, పైకి 16. అయిపోయింది! ఓ వర్గమూలం, రెండు మూడు తీసివేతలు.

కోటికీ అంతే పని. దాని వర్గమూలానికి పైనున్న బేసి సంఖ్య 3163. దాన్ని బట్టి లెక్కవేస్తే కోటి నడిమింటికి ఎడమగా 1581 గళ్లు, కిందికి 174 గళ్ల దూరంలో తేలుతుంది. కోటి అడుగుల దారి నాలుగు లైన్ల లెక్కతో పూర్తయింది. ఇంటర్వ్యూలో ఈ రెండో పద్ధతి చెప్పే పిల్లలు తక్కువ. నన్నడిగితే అసలు అందం దీనిదే.

ఇందులోనూ ఒక తిరకాసుంది. కంప్యూటర్లు వర్గమూలాన్ని సాధారణంగా దశాంశాలతో, దాదాపుగా లెక్కిస్తాయి. చిన్న సంఖ్యలకు ఫర్వాలేదు. పదహారంకెల సంఖ్యల దాకా వెళ్లేసరికి ఆ ‘దాదాపు’ దెబ్బకొడుతుంది. చుట్టు ముగిసే మూల దాటి ఒక్క అడుగు ముందున్న సంఖ్యను, ఇంకా మూలనే ఉందని అనేస్తుంది. చుట్టే మారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు దశాంశాల జోలికి పోకుండా పూర్ణసంఖ్యలతోనే వర్గమూలం తీస్తారు. పైథాన్ భాషలో 2019లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి దానికి ప్రత్యేకంగా ఓ సాధనమే పెట్టారు.

కళ్లు చెప్పేదంతా నిజమేనా?

మళ్లీ ఉలామ్ గీతల దగ్గరికొద్దాం. గోడ పెచ్చులూడితే అందులో దేశపటం కనిపిస్తుంది. మబ్బుల్లో ఏనుగు కనిపిస్తుంది. లేని బొమ్మను వెతుక్కోవడం మన కళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ ఏటవాలు గీతలూ అంతేనేమో?

కొంతవరకు అంతే. పట్టికలో సరిసంఖ్యలూ బేసిసంఖ్యలూ చదరంగం బల్ల మీది నలుపు తెలుపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ప్రధాన సంఖ్యల్లో 2 తప్ప మిగతావన్నీ బేసివే. అంటే అవి ఒకే రంగు గళ్లలో పడతాయి. చదరంగంలో ఒకే రంగు గళ్లు మూలలతోనే కదా ఒకదాన్నొకటి తాకేది? ఏటవాలుగా నడిచే శకటు ఎప్పుడూ ఒకే రంగు గళ్లలో ఉండిపోవడానికీ కారణం అదే. కాబట్టి బేసిసంఖ్యల్ని గుడ్డిగా ఏరి చుక్కలు పెట్టినా కాస్తో కూస్తో ఏటవాలు పోకడ కనిపిస్తుంది. అయితే ఆ మాత్రానికే పొడవాటి గీతలు రావు. కొన్ని గీతలు కిక్కిరిసి, కొన్ని బోసిగా ఉండడానికి అసలు కారణం వేరే ఉంది.

19, 7, 23, 47 గీతను మళ్లీ చూడండి. 7 నుంచి 23కు తేడా 16. 23 నుంచి 47కు 24. 47 నుంచి 79కు 32. తేడా ప్రతిసారీ 8 పెరుగుతోంది, చుట్టు చుట్టుకూ గళ్లు పెరిగినట్టే. తర్వాతి తేడా 40. అంటే 119. అక్కడ కథ అడ్డం తిరిగింది. ఏడు పదిహేడ్లు నూటపంతొమ్మిది! ఇలా ప్రతి ఏటవాలు గీతకూ ఓ సూత్రం ఉంటుంది. గీత మీద ప్రధాన సంఖ్యలు ఎక్కువా తక్కువా అన్నది ఆ సూత్రం జాతకం మీద ఆధారపడుతుంది.

దరిద్రపు జాతకం ఒకటి చూద్దాం. 3 దగ్గర వేలుపెట్టి ఎడమవైపు పైకి జరపండి. 3, 15, 35. తర్వాత 63, 99 వస్తాయి. మూడయిదులు పదిహేను, అయిదేళ్లు ముప్పై అయిదు, ఏడు తొమ్మిదులు అరవై మూడు, తొమ్మిది పదకొండ్లు తొంభై తొమ్మిది. ఆ గీత మీద ఏ సంఖ్య వచ్చినా రెండు పక్కపక్క బేసిసంఖ్యల లబ్ధమే. అనంతం దాకా వెళ్లినా 3 తర్వాత అటువైపు ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకదు. ఇది కంటి భ్రమ కాదు, రుజువైన సంగతి.

మహర్జాతకం ఇంకొకటి ఉంది. దాన్ని స్విట్జర్లాండ్‌లో పుట్టిన లియోనార్డ్ ఆయిలర్ 1772లోనే ప్రకటించాడు. ఏదైనా సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో గుణించి 41 కలపండి. సున్నా ఒకట్లు సున్నా, 41 కలిపితే 41. ఒకటి రెళ్లు రెండు, 41 కలిపితే 43. రెండు మూళ్లు ఆరు, 41 కలిపితే 47. తర్వాత 53, 61, 71, 83, 97... 39ని 40తో గుణించి 41 కలిపితే 1601. ఈ నలభైకి నలభై ప్రధాన సంఖ్యలే! నలభై ఒకటోసారి మాత్రం తప్పుతుంది. 40ని 41తో గుణించి, ఇంకో 41 కలిపితే 41ని 41తో గుణించినట్టేగా? 1681.

చుట్టు నడుమ 1కి బదులు 41 వేసి మొదలుపెడితే ఈ నలభై సంఖ్యలూ ఒకే ఏటవాలు గీత మీద, మధ్యలో ఒక్క తాలు గింజ లేకుండా నిలబడతాయి. 1681 దగ్గర తప్పాక కూడా జోరు తగ్గదు. ఈ సూత్రం కోటి లోపు ఇచ్చే సంఖ్యల్లో నూటికి 47కు పైగా ప్రధాన సంఖ్యలే. మామూలుగా కోటి లోపు సంఖ్యల్లో ప్రధానమైనవి నూటికి ఏడు కూడా ఉండవు. కారణం సులువైనదే. ఈ సూత్రం నుంచి వచ్చే ఏ సంఖ్యనూ 2 గానీ, 3 గానీ, 5 గానీ, అలా 37 దాకా ఏ ప్రధాన సంఖ్య గానీ ఎప్పటికీ నిశ్శేషంగా భాగించలేదు. పంటను తినే చీడలన్నిటికీ ముందే మందు కొట్టేసినట్టు!

కాబట్టి గీతలు నిజం. ఏ గీత ఎంత పండుతుందో అంచనా వేసే లెక్కను మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ, ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్ కలిసి 1923లోనే ఇచ్చారు. కంప్యూటర్లతో ఎంత దూరం పరీక్షించినా ఆ అంచనా చక్కగా కుదురుతోంది. కుదరడం వేరు, రుజువు కావడం వేరు. అది ఊహగానే ఉంది.

అసలు పీటముడి ఇంకా ముందే ఉంది. పట్టికలో పైన ఎడమ మూలవైపు వెళ్లే గీత చూడండి. 5, 17, 37. తర్వాత 65, 101. ఇవి రెండు రెళ్లు, నాలుగు నాలుగులు, ఆరార్లకు ఒకటి కలిపితే వచ్చేవి. 65లాంటివి మధ్యమధ్య తగిలినా 101, 197, 257 అంటూ ప్రధాన సంఖ్యలు వస్తూనే ఉంటాయి. ఎప్పటికీ వస్తూనే ఉంటాయా? లేక ఎక్కడో ఓ చోట ఆఖరిది వచ్చి, ఆపైన ఆ గీత ఎడారైపోతుందా? 1912లో కేంబ్రిడ్జిలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఎడ్మండ్ లాండౌ ‘ఇప్పుడున్న విద్యతో వీటి జోలికి వెళ్లలేం’ అన్న అర్థంలో నాలుగు సమస్యలు చెప్పాడు. వాటిలో ఇదొకటి. నూరేళ్లు దాటింది. నాలుగూ అలాగే ఉన్నాయి. ఈ గీతే కాదు, చుట్టులోని ఏ ఒక్క ఏటవాలు గీత మీదైనా ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. నలభైకి నలభై ఇచ్చిన ఆయిలర్ గీతకూ ఆ భరోసా లేదు.

ఇదంతా ఎవరికి ఉపయోగం అంటారా? ఇంటర్నెట్‌లో రహస్యాలకు వేసే తాళాల్లో 1977లో పుట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతికి భారీ ప్రధాన సంఖ్యలే ఆధారం. అలాగని ఉలామ్ చుట్టు చూసి ఎవరూ ఆ తాళం తీయలేరు. వందలాది అంకెలున్న సంఖ్యల ముందు ఈ గీతల సాయం ఏ మూలకూ చాలదు. ‘సంఖ్యల తాళం బద్దలు’ అంటూ అప్పుడప్పుడూ వచ్చే కబుర్లకు కంగారుపడకండి.

పాముల పెద్దాయన

ఉలామ్‌కు 31 ఏళ్ల ముందే ఇంచుమించు ఇదే పని చేసినవాడు ఒకడున్నాడు. పేరు లారెన్స్ క్లాబర్. అమెరికాలోని శాన్‌డియాగోలో విద్యుత్ కంపెనీ ఇంజినీరు. లోకానికి మాత్రం గిలక పాముల నిపుణుడిగా తెలుసు. వాటి మీద 1956లో రెండు సంపుటాల పెద్ద గ్రంథమే వేశాడు. ఆయన 1932లో సంఖ్యల్ని చుట్టగా కాకుండా త్రిభుజంగా, మొదటి వరుసలో 1, రెండో వరుసలో 2, 3, 4, మూడో వరుసలో 5 నుంచి 9 దాకా పేర్చి, అందులో ప్రధాన సంఖ్యలు బారులు తీరడాన్ని గణితవేత్తల సభలో చూపించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి 65 వేల చుక్కలు పెట్టిచ్చే కంప్యూటరూ లేదు, ముఖచిత్రం వేసే గార్డ్‌నరూ లేడు. చుట్టలు చుట్టుకునే ప్రాణుల్ని జీవితమంతా చూసినవాడికి సంఖ్యల్ని చుట్టాలని తోచకపోవడమే నాకు వింత. ఆ తర్వాత 1994లో రాబర్ట్ శాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గళ్లను పక్కనపెట్టి, అచ్చం సకినంలా గుండ్రంగానే చుట్టాడు. వర్గసంఖ్యలన్నీ ఒకే గీత మీదకు వచ్చేలా అమర్చేసరికి ప్రధాన సంఖ్యలు నెమలి పింఛంలో ఈకల్లా వంపులు తిరిగి కనిపించాయి.

ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని మీరే ఓ చుట్టు చుట్టి చూడండి. 41తో మొదలుపెడితే నలభై గళ్ల చదరం కావాలి, మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంది. చిన్నది కావాలంటే 5 ఉంది. నడుమ 5 వేసి నాలుగు గళ్ల చదరం పూర్తిచేస్తే, పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు 17, 7, 5, 11 వస్తాయి. అలవాటయ్యాక 17 తీసుకోండి. గళ్ల నోటుబుక్కులో అడ్డంగా 16, నిలువుగా 16 గళ్ల చదరం గీయండి. ఎడమ నుంచి ఎనిమిదో గడి, కింది నుంచి కూడా ఎనిమిదో గడిలో 17 వేయండి. కుడికి 18, పైకి 19, ఎడమకు 20, 21... అలా 272 దాకా వస్తే చదరం సరిగ్గా నిండుతుంది. పై కుడి మూలన 257 రావాలి. రాకపోతే ఎక్కడో మలుపు తప్పిందన్నమాట, రబ్బరు అందుకోండి. ఆ మూల నుంచి కింది ఎడమ మూల దాకా గీత గీస్తే దాని మీద పడే 16 సంఖ్యలూ ప్రధాన సంఖ్యలే. ఇంకో గడి కిందికి జరగాలనిపిస్తుంది. అక్కడ ఉండేది 289, పదిహేడు పదిహేడ్లు.